కీఫ్రేములు పెట్టినా ఫ్లూయిడ్ మారడం లేదా? ముందు చూడాల్సింది ఇది

మీరు అడిగింది ఇది: బ్లెండర్ అనే 3డి యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక కుళాయి, దాని కింద గాజు పాత్ర. 60వ ఫ్రేమ్‌లో ధార మొదలై 140 దగ్గర ఆగాలి. ఆ తర్వాత పాత్రలో ద్రవం మెల్లగా చిక్కబడాలి, చివర్లో ఒక గరిటె తిరుగుతుండగా సీన్ అంతా స్లో మోషన్‌లోకి వెళ్లాలి. ఇన్‌ఫ్లో (ద్రవాన్ని పుట్టించే వస్తువు) వేగానికి 60 దగ్గర ఒక కీ (ఆ ఫ్రేమ్‌లో విలువ ఇంత అని చెప్పే కీఫ్రేమ్), 140 దగ్గర సున్నాతో ఇంకో కీ పెట్టారు. ఒకసారి బేక్ చేసి (అంటే ద్రవం కదలికను లెక్కించి డిస్క్‌లో దాచి) చూసి, ఆ తర్వాత విస్కాసిటీకీ (చిక్కదనం) టైమ్ స్కేల్‌కీ (ద్రవం కదిలే వేగం) కీలు చేర్చారు. ఫలితం: ధార మొదటి ఫ్రేమ్ నుంచే పడుతోంది, 140 దాటాక కూడా కారుతోంది, చిక్కదనం అసలు మారలేదు. "వీటిని యానిమేట్ చేయడం కుదరదా?" అన్నది మీ ప్రశ్న.

కుదురుతుంది. మూడింటినీ చేయవచ్చు. మీకు కనిపిస్తున్న మూడు తప్పులకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి, బ్లెండర్‌లో లోపం మాత్రం లేదు. వాటికి వెళ్లేముందు ఒక్క విషయం మనసులో కూర్చుంటే, ఇకపై ఇలాంటి సమస్యల్లో చాలా వాటికి కారణం మీకే దొరుకుతుంది.

మామూలు వస్తువు 90వ ఫ్రేమ్‌లో ఎక్కడుందో తెలియాలంటే దాని కీల మధ్య విలువలను చూపే కర్వ్ చూస్తే చాలు, వెనక ఏం జరిగిందో అక్కర్లేదు. ద్రవం అలా కాదు. 90వ ఫ్రేమ్‌లో నీరు ఎలా ఉందో లెక్కించాలంటే 89వ ఫ్రేమ్‌లోని నీరు కావాలి, దానికి 88, అలా మొదటి దాకా. మీరు పెట్టిన కీ ద్రవం ఆకారాన్ని నేరుగా మార్చదు. ఆ ఫ్రేమ్ లెక్క జరుగుతున్న క్షణంలో సాల్వర్ (ద్రవం కదలికను లెక్కించే భాగం) చదువుకునే ఒక అంకెను మాత్రమే మారుస్తుంది. లెక్క అయిపోయాక కీ పెడితే దాన్ని చదివేవాళ్లు లేరు. మీ విస్కాసిటీ కీలకు జరిగింది ఇదే. బేక్ అయిన ఫ్రేములు డిస్క్ మీద కాష్ ఫోల్డర్‌లో ఉన్నాయి, టైమ్‌లైన్ ప్లే చేస్తే బ్లెండర్ వాటినే చూపిస్తోంది. ఫ్రీ డేటా నొక్కి, పాత కాష్ తీసేసి, మళ్లీ బేక్ చేస్తేనే కొత్త కీలు పనిలోకి వస్తాయి.

కాష్ టైప్ రీప్లేలో ఉన్నా ఇదే చిక్కు. రీప్లేలో బేక్ బటన్ లేకపోవడం వల్ల అంతా లైవ్‌గా జరుగుతోందని అనిపిస్తుంది కానీ, ఒకసారి లెక్కైన ఫ్రేములు అందులోనూ కాష్‌లోనే ఉంటాయి. గ్రాఫ్ ఎడిటర్‌లో కీని జరిపినంత మాత్రాన అవి చెరగవు. మొదటి ఫ్రేమ్‌కు వెళ్లి డొమైన్‌లో (ద్రవం లెక్కంతా జరిగే పెట్టె) ఏదో ఒక విలువ, ఉదాహరణకు రిజల్యూషన్, మార్చి మళ్లీ పాత అంకె పెడితే కాష్ రీసెట్ అవుతుంది. అప్పుడు మొదటి నుంచి ప్లే చేయాలి. మధ్యలో ఎక్కడికో దూకి చూస్తే వచ్చేది నమ్మకూడదు. కీఫ్రేములతో పని ఉన్న షాట్‌కు నేను మాడ్యులర్ అనే కాష్ టైప్ వాడతాను. డేటా, మెష్ (ద్రవం ఉపరితలం), పార్టికల్స్ విడివిడిగా బేక్ అవుతాయి కాబట్టి, మెష్ నునుపు మార్చాలనుకుంటే అసలు సిమ్యులేషన్ జోలికి పోనక్కర్లేదు.

ఇక ధార సంగతి.

మొదటి ఫ్రేమ్ నుంచే ఎందుకు పడుతోంది? కర్వ్‌లో మీ మొదటి కీ 60 దగ్గర ఉంది. మొదటి కీకి ముందున్న ఫ్రేములన్నిటికీ బ్లెండర్ ఆ మొదటి కీ విలువనే వర్తింపజేస్తుంది. అంటే 1 నుంచి 60 దాకా కూడా మీ కుళాయి తెరిచే ఉంది. చాలా మంది ఇక్కడే దెబ్బ తింటారు. నేను కూడా ఒకసారి రాత్రంతా పెద్ద రిజల్యూషన్‌లో బేక్ పెట్టి, పొద్దున్నే చూస్తే పాత్ర మొదటి ఫ్రేముల్లోనే నిండిపోయి ఉంది. అప్పట్నుంచి ఏ విలువకు కీ పెట్టినా మొదటి కీ 1వ ఫ్రేమ్‌లోనే పెడతాను, ఆ విలువ అక్కడ మారకపోయినా సరే.

140 తర్వాత ఎందుకు ఆగలేదు? మీరు సున్నా చేసింది ఇనిషియల్ వెలాసిటీని. ఇన్‌ఫ్లో అంటే "ఈ ఆకారం లోపలి గడులను ప్రతిసారీ ద్రవంతో నింపు" అని సాల్వర్‌కు చెప్పడం. గడులంటే డొమైన్ పెట్టెను విడగొట్టిన చిన్న చిన్న ఘనాలు. వేగం సున్నా అయినా నింపడం ఆగదు. నింపిన నీరు గురుత్వాకర్షణతో కిందికి జారుతుంది, ఖాళీ అయిన గడులు మళ్లీ నిండుతాయి. కుళాయిని కట్టేసేది యూజ్ ఫ్లో అనే టిక్. ఫ్లో ఆబ్జెక్ట్ సెట్టింగ్స్‌లో, బిహేవియర్ ఇన్‌ఫ్లోగా ఉన్నప్పుడు కనిపిస్తుంది. దానికి మూడు కీలు పెట్టండి: 1లో ఆఫ్, 60లో ఆన్, 140లో ఆఫ్. టిక్ బాక్స్‌కు మధ్య విలువలుండవు కాబట్టి కర్వ్ మెట్లలా ఉంటుంది, కర్వ్ వంపును మార్చే హ్యాండిల్స్ గురించి టెన్షన్ అక్కర్లేదు. ఫ్లో బిహేవియర్‌నే జియోమెట్రీ నుంచి ఇన్‌ఫ్లోకి మార్చే దారి వెతక్కండి. జియోమెట్రీ అంటే మొదట్లో ఒక్కసారి ఆ ఆకారమంత ద్రవాన్ని పోసి వదిలేయడం, అది వేరే పని. ఎమిటర్‌ను (ద్రవాన్ని పుట్టించే ఆ వస్తువును) కంటి గుర్తుతోనో కెమెరా గుర్తుతోనో దాచడం కూడా కుళాయి కట్టడం కాదు.

అయితే టిక్ ఒక్కటే వాడితే ధార కత్తితో కోసినట్టు తెగుతుంది. నిజమైన కుళాయి అలా ఆగదు. ముందు ఒత్తిడి తగ్గుతుంది, ధార సన్నబడుతుంది, చివర్లో తెగి చుక్కలవుతుంది. 24 ఫ్రేముల వేగంలో అయితే నేను 122 నుంచి 140 దాకా వేగాన్ని మూడో వంతుకు తగ్గిస్తాను, 130 నుంచి ఎమిటర్ ఆకారాన్ని కూడా కొంచెం కొంచెం చిన్నది చేస్తాను, 140లో టిక్ తీసేస్తాను. చూసేవాళ్ల కంటికి కట్టేసిన కుళాయిలా అనిపించేది ఈ 18 ఫ్రేముల వల్లే.

ఎమిటర్‌ను చిన్నది చేసేటప్పుడు ఒక లెక్క చూసుకోవాలి. గడి పరిమాణం అంటే డొమైన్‌లో అతి పొడవైన భుజాన్ని రిజల్యూషన్ డివిజన్స్‌తో భాగిస్తే వచ్చేది. మీ పెట్టె పొడవు 1 మీటర్, రిజల్యూషన్ 64 అనుకుందాం: గడి సుమారు 1.56 సెంటీమీటర్లు. కుళాయి మూతి 1.5 సెంటీమీటర్లు ఉంటే అది ఒక్క గడి కూడా కాదు. ధార తెగి తెగి పడుతుంది, లేదా అసలు పుట్టదు. చాలా మంది అది కీఫ్రేమ్ తప్పనుకుని గంటలు వృథా చేస్తారు. 128కి పెంచితే గడి 0.78 అవుతుంది, మూతికి రెండు గడులు వస్తాయి, ధార నిలబడుతుంది. కానీ రిజల్యూషన్ రెట్టింపైతే గడుల సంఖ్య 8 రెట్లు అవుతుంది. గడులు చిన్నవైనప్పుడు నీరు ఒక ఫ్రేమ్‌లో ఎక్కువ గడులు దాటుతుంది కాబట్టి టైమ్‌స్టెప్పులు (ఒక ఫ్రేమ్‌లో లెక్క వేసే చిన్న అడుగులు) కూడా పెరుగుతాయి. అందుకే రిజల్యూషన్ పెంచేముందు డొమైన్ పెట్టెను సీన్‌కు ఎంత అవసరమో అంతకు కుదించండి. కుళాయి, పాత్ర, చిందడానికి కాస్త చోటు ఉంటే చాలు.

ఇప్పుడు చిక్కదనం. ఇదే మీ ప్రశ్నలో అసలైన భాగం, కాస్త వివరంగా చెప్తాను.

బ్లెండర్‌లో ద్రవానికి మాంటాఫ్లో సాల్వర్ 2020లో 2.82 వెర్షన్‌తో వచ్చింది. అందులో చిక్కదనానికి రెండు చోట్లున్నాయి. ఒకటి డిఫ్యూజన్ ప్యానెల్‌లో బేస్, ఎక్స్‌పోనెంట్ అనే జత. నీటికి బేస్ 1, ఎక్స్‌పోనెంట్ 6, అంటే 10 పవర్ మైనస్ 6. తేనె ప్రీసెట్‌లో బేస్ 2, ఎక్స్‌పోనెంట్ 3. రెండింటికీ తేడా 2000 రెట్లు. ఇక్కడ ఎక్స్‌పోనెంట్ పూర్ణాంకం మాత్రమే తీసుకుంటుంది. దానికి 6 నుంచి 3 దాకా కీలు పెడితే మధ్యలో మెల్లగా జారదు, 6, 5, 4, 3 అని మెట్లు దిగుతుంది, ఒక్కో మెట్టు పది రెట్లు. ద్రవం ఉన్నట్టుండి బిగుసుకున్నట్టు కనిపిస్తుంది. నునుపుగా మారాలంటే ఎక్స్‌పోనెంట్‌ను ఒక చోట స్థిరంగా ఉంచి బేస్‌ను మాత్రమే యానిమేట్ చేయాలి. అలా చేస్తే దొరికే పరిధి చిన్నది.

రెండో చోటు 2.92లో వచ్చిన విస్కాసిటీ సాల్వర్. దాని స్ట్రెంగ్త్ దశాంశ విలువ, కాబట్టి కర్వ్‌కు బాగా లొంగుతుంది. మీ షాట్‌కు దీన్నే వాడమంటాను. విలువను సున్నాకు దించినా కొంత చిక్కదనం మిగులుతుందని గుర్తుంచుకోండి. అంటే ధార పడే భాగం మామూలు సాల్వర్‌లో ఉన్నంత చురుగ్గా చిందకపోవచ్చు. నచ్చకపోతే కెమెరా కట్ దగ్గర షాట్‌ను రెండు సిమ్యులేషన్లుగా విడగొట్టుకోవడం మంచిది, ఒకే బేక్‌లో అన్నీ సాధించాలని పట్టుబట్టనక్కర్లేదు.

కర్వ్ ఆకారం మీద శ్రద్ధ పెట్టండి. కళ్లకు చిక్కదనం సరళరేఖలా తెలియదు. మొదట్లో చిన్న మార్పుకే చిందడం, అలలు తగ్గిపోతాయి, ఆ తర్వాత ఎంత పెంచినా పెద్దగా తేడా తెలియదు. రెండు చివర్ల రెండు కీలు పెట్టి వదిలేస్తే మార్పంతా మొదటి కొన్ని ఫ్రేముల్లోనే జరిగిపోయినట్టుంటుంది. మొదట్లో చాలా నిదానంగా ఎక్కి, తర్వాత వేగం పుంజుకునే కర్వ్ పెట్టండి. దీనికి తోడు ఫ్లిప్ రేషియో అనే విలువ కూడా ఉంది, మామూలుగా 0.97. దాన్ని తగ్గిస్తే ద్రవం చిందడం మాని నెమ్మదిగా, పొరలు పొరలుగా కదులుతుంది. విస్కాసిటీ పెరగడానికి కొంచెం ముందు నుంచి దీన్ని 0.7 దాకా దించితే మార్పు అతుకు కనిపించకుండా సాగుతుంది.

ఇంకో పరిమితి: మాంటాఫ్లోలో ఒక డొమైన్‌కు ఒకే విస్కాసిటీ. కీఫ్రేమ్ పెడితే పెట్టెలోని ద్రవమంతా ఒకేసారి చిక్కబడుతుంది. పాత్ర అడుగు నుంచి పైకి గట్టిపడుతూ రావాలి, పైన మాత్రం పలచగా ఉండాలి అంటే ఇందులో కుదరదు. అందుకు ఫ్లిప్ ఫ్లూయిడ్స్ అనే, బ్లెండర్‌కు విడిగా చేర్చుకునే యాడాన్‌లో వేరియబుల్ విస్కాసిటీ ఉంది. హౌదినీ అనే మరో 3డి సాఫ్ట్‌వేర్‌లో అయితే విస్కాసిటీ ఒక్కో పార్టికల్ మీద ఉండే యాట్రిబ్యూట్ కాబట్టి, ఎక్కడ ఎంత అన్నది మీ చేతిలో ఉంటుంది. హౌదినీ వాడేవాళ్లకు ఒక మాట: సిమ్యులేషన్‌కు వాడే డాప్ నోడ్లలో చాలా పారామీటర్ల పక్కన సెట్ ఇనిషియల్, సెట్ ఆల్వేస్ అనే ఎంపిక ఉంటుంది. సెట్ ఇనిషియల్‌లో ఉంటే ఆబ్జెక్ట్ పుట్టిన క్షణంలో ఒక్కసారి విలువ తీసుకుని ఊరుకుంటుంది, మీ కీలను ఆ తర్వాత చూడదు. "కీ పెట్టాను, పని చేయలేదు" అన్న ఫిర్యాదుకు అక్కడ మొదట చూడాల్సింది అదే.

అన్నిటికంటే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: నాకు కావాల్సిన మార్పు నిజంగా సిమ్యులేషన్‌లోనే జరగాలా? ఫ్లూయిడ్ షాట్‌లో మార్పు చేయడానికి మూడు చోట్లున్నాయి. ఎమిటర్, అడ్డుపడే వస్తువులు ఒక చోటు. డొమైన్‌లోని సాల్వర్ విలువలు రెండోది. బేక్ అయిపోయాక మెష్, మెటీరియల్, టైమింగ్ మూడోది. మూడో చోట అయ్యే పనిని రెండో చోటుకు తీసుకెళ్లకండి. ద్రవం చిక్కబడిందని మనకు అనిపించడంలో సగం పని రంగు, పారదర్శకత చేస్తాయి. పలచటి ద్రవం వెనక ఉన్నది కనపడుతుంది, చిక్కటిది కనపడనివ్వదు. ట్రాన్స్‌మిషన్, రఫ్‌నెస్, బేస్ కలర్‌లకు మెటీరియల్‌లో కీలు పెడితే మళ్లీ బేక్ అక్కర్లేదు, నచ్చకపోతే నిమిషంలో మార్చుకోవచ్చు. నేనైతే ముందు మెటీరియల్‌తో ఎంతవరకు వస్తుందో చూసి, మిగిలిన కదలిక తేడాకే విస్కాసిటీ వాడతాను.

పొగ చేసేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. పొగంతా కలిసి మాయమవ్వాలంటే పొగను క్రమంగా కరిగించే డిజాల్వ్ సెట్టింగ్‌తో కుస్తీ పట్టే బదులు, వాల్యూమ్ షేడర్‌లో డెన్సిటీని ఒక అంకెతో గుణించి ఆ అంకెకు కీలు పెట్టండి. మంట ఆరిపోవాలంటే మాత్రం అది ఎమిటర్ పనే: ఫ్యూయల్ విలువను సున్నాకు దించాలి, అప్పుడు పైన ఉన్న మంట తనంతట తానే కాలి అయిపోతుంది.

స్లో మోషన్ విషయానికి వద్దాం. టైమ్ స్కేల్ యానిమేట్ అవుతుంది, 1 నుంచి 0.25కు దించితే ద్రవం నాలుగో వంతు వేగంతో కదులుతుంది. కానీ అది ద్రవానికి మాత్రమే. మీ గరిటె కీఫ్రేములు ఫ్రేముల లెక్కలోనే ఉన్నాయి, దానికి టైమ్ స్కేల్ సంగతి తెలియదు. ద్రవం నెమ్మదించినా గరిటె పాత వేగంతోనే తిరుగుతుంది. ద్రవం వైపు నుంచి చూస్తే గరిటె హఠాత్తుగా నాలుగు రెట్లు వేగంగా తిరగడం మొదలుపెట్టినట్టు! విపరీతంగా చిందుతుంది, కారణం అంతు పట్టదు. అందుకని టైమ్ స్కేల్ తగ్గించిన ప్రతిచోటా కదిలే వస్తువుల కర్వులను కూడా అదే నిష్పత్తిలో సాగదీయాలి. వేగంగా కదిలే గరిటెకు ఎఫెక్టర్ (ద్రవానికి అడ్డుపడే వస్తువు) సెట్టింగ్స్‌లో సబ్‌స్టెప్స్ 2 లేదా 3 పెట్టండి. లేకపోతే ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ మధ్య ద్రవాన్ని దాటేసి దూకుతుంది.

కుదిరితే స్లో మోషన్‌ను కూడా మూడో చోటుకు నెట్టమంటాను. షాట్ మొత్తం నెమ్మదించాలంటే రెండర్ సెట్టింగ్స్‌లోని టైమ్ స్ట్రెచింగ్ ఉంది. కానీ ద్రవం మెష్‌కు ఒక ఇబ్బంది ఉంది: ప్రతి ఫ్రేమ్‌లో వెర్టెక్సుల (మెష్ బిందువుల) సంఖ్య, క్రమం మారిపోతాయి కాబట్టి రెండు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేమ్‌ను కల్పించడం వీలు కాదు. నాలుగు రెట్లు సాగదీస్తే ఒక్కో ఆకారం నాలుగు ఫ్రేములు నిలిచిపోయి గతుకులు కనిపిస్తాయి. మీ షాట్‌లో స్లో మోషన్ చివర్లో మాత్రమే ఉంది కనుక టైమ్ స్కేల్ దారే సరైనది. మోషన్ బ్లర్ కావాలంటే మెష్ ప్యానెల్‌లో స్పీడ్ వెక్టర్స్ టిక్‌ను మెష్ బేక్‌కు ముందే పెట్టుకోండి.

ఏ విలువ యానిమేట్ అవుతుందో అవదో తెలియకపోతే దాని మీద రైట్ క్లిక్ చేయండి. ఇన్సర్ట్ కీఫ్రేమ్ కనిపించకపోతే కాదని అర్థం. రిజల్యూషన్ డివిజన్స్ అలాంటిదే, గడుల సంఖ్యే మారితే ముందు ఫ్రేమ్ డేటాను దేనిమీద ఉంచాలి మరి? కీ పెట్టిన విలువ రంగు పసుపు, యానిమేట్ అయ్యి ఆ ఫ్రేమ్‌లో కీ లేకపోతే ఆకుపచ్చ, విలువ మార్చి కీ పెట్టడం మర్చిపోతే నారింజ. నారింజ కనిపిస్తే ఫ్రేమ్ మారగానే మీ మార్పు పోతుంది. గురుత్వాకర్షణకు కీలు పెట్టేవాళ్లు, సీన్ గ్రావిటీ ఆన్‌లో ఉన్నంతకాలం డొమైన్ సీన్ విలువనే తీసుకుంటుందని గమనించాలి. కీలు ఆ సీన్ విలువకే పెట్టాలి.

మీ సీన్‌కు నేను చేసే క్రమం: ముందు ఫైల్‌ను సేవ్ చేసి, కాష్‌కు సొంత ఫోల్డర్ ఇవ్వండి. ఫైల్ కాపీ చేసి ప్రయోగాలు చేస్తే ప్రతి కాపీకి వేరే ఫోల్డర్ ఉండాలి, లేకపోతే ఒకదాని బేక్ మీద ఇంకోటి రాసేస్తుంది. పరీక్ష కోసం కుళాయి మూతిని తాత్కాలికంగా పెద్దది చేసి, రిజల్యూషన్ 48 దగ్గర మొత్తం 250 ఫ్రేములు బేక్ చేసి టైమింగ్ మాత్రమే చూడండి: 60, 140, చిక్కబడటం ఎక్కడ మొదలైంది. ద్రవం రూపం గురించి అప్పుడే తీర్పు ఇవ్వకండి, పెద్ద గడుల్లో ద్రవం ఉన్నదానికంటే మందంగానే కనిపిస్తుంది. విస్కాసిటీ కీలు పని చేస్తున్నాయా లేదా అనుమానముంటే కనిష్ఠం, గరిష్ఠం రెండు కీలు పక్కపక్కన పెట్టి చూడండి, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. తర్వాత మూతిని అసలు కొలతకు తెచ్చి, 96 లేదా 128లో విస్కాసిటీ కర్వ్ సరిచూసుకోండి. ఈజ్ రిజ్యూమబుల్ ఆన్ చేసి 140 దగ్గర బేక్ ఆపి, ఫైల్‌నూ కాష్ ఫోల్డర్‌నూ కలిపి ఒక కాపీ తీసి పెట్టుకుంటే, చిక్కదనం నచ్చనప్పుడల్లా ధార భాగాన్ని మళ్లీ లెక్కించకుండా అక్కడి నుంచే కొనసాగించవచ్చు.

పెద్ద బేక్ నొక్కే ముందు టైమ్‌లైన్‌లో 1, 59, 60, 139, 140 ఫ్రేములకు ఒక్కొక్కటిగా వెళ్లి యూజ్ ఫ్లో టిక్ ఉందా లేదా కళ్లతో చూసుకోండి. 1, 59లో ఉండకూడదు, 60, 139లో ఉండాలి, 140లో ఉండకూడదు.